ఈశాన్య గాలి లెక్క

ద్వీపం మీది స్టేషన్ అంటే రైలు ఆగే చోటు కాదు. కొండ అంచున నలభై మీటర్ల ఇనుప స్తంభం, దాని కొస నుంచి కిందికి దిగే సన్నటి గొట్టం, ఆ గొట్టం వచ్చి చేరే ఒక రేకుల గది. అంతే స్టేషన్. పంపు సముద్రం మీది గాలిని గొట్టంలోంచి లాగుతుంది. గదిలోని యంత్రం ఆ గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత, మీథేన్ ఎంత అని నిమిషానికోసారి కొలుస్తుంది. భూమిని వేడెక్కించే ఈ వాయువులు ఏటికేడు ఎంత పెరుగుతున్నాయో కనిపెట్టి ఉండడానికి పెట్టిన ఏర్పాటు అది. పందొమ్మిదేళ్ళుగా ఆ గదికి కాపలావాడూ, మెకానిక్కూ, గుమాస్తా అన్నీ ఒక్కరే. అందరూ ఆయన్ని స్టేషన్ మాస్టారనేవారు.

"రైలు రాదు, సిగ్నలు పడదు, జెండా ఊపే పని అసలే లేదు. అయినా మాస్టర్నే," అని ఆయనే నవ్వేవారు.

ఆ కొలతలు వచ్చి చేరేది తీరం ఇవతల, నగరంలో ఉన్న పరిశోధన సంస్థకి. మూడో అంతస్తులో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని ఆ అంకెలకి అర్థం చెప్పడం ఆమె ఉద్యోగం. మొదటిసారి ద్వీపానికి వెళ్ళినప్పుడు ఆమె తన పని గురించి అరగంట చెప్పింది. మాస్టారు ఓపిగ్గా విని, "అంటే గాలిని వెనక్కి నడిపిస్తావన్నమాట," అన్నారు.

నిజానికి అంతే. ఫలానా రోజు మధ్యాహ్నం రెండింటికి స్తంభం దగ్గరికి వచ్చిన గాలి అంతకుముందు అయిదు రోజులు ఎక్కడెక్కడ తిరిగింది? వాతావరణ మోడల్లో ఇరవై వేల ఊహా రేణువుల్ని స్తంభం దగ్గర వదిలి, గాలుల్ని తిరగేసి వెనక్కి తోలితే, అవి ఏ నేల మీదికి పోతాయో కంప్యూటరు చూపిస్తుంది. ఆ నేల మీద ఏ ఫ్యాక్టరీ, ఏ చెత్తకుప్ప, ఏ పశువుల శాల ఎంత వాయువు వదులుతోందో చెప్పే పట్టిక ఒకటి ప్రభుత్వ శాఖ తయారుచేస్తుంది. గాలి దారినీ పట్టికనూ కలిపి లెక్కగడితే, ద్వీపంలో ఎంత మీథేన్ కనిపించాలో తేలుతుంది. మోడల్ చెప్పినదీ యంత్రం చెప్పినదీ కలిస్తే సరే. కలవకపోతే మూడింట్లో ఏదో ఒకటి తప్పు: గాలి దారి, పట్టిక, యంత్రం.

"నీది మంచి ఉద్యోగమే, ఎండలో నిలబడక్కర్లేదు," అన్నారు మాస్టారు. ఆనాటి నుంచి ఆమె ఆయనకి లెక్కలమ్మ. ఆ పేరు సంస్థలోనూ పాకింది.

పట్టిక తయారుచేసే శాఖలోనే లెక్కలమ్మ భర్త పనిచేసేవాడు. "మొగుడు పట్టిక ఇస్తాడు, పెళ్ళాం లెక్క తేలుస్తుంది, ఇంక ఆ కాపురంలో తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది?" అని తోటివాళ్ళు హాస్యమాడేవారు. ఆమె కూడా నవ్వేది.

తేడా ఈశాన్యం నుంచి వచ్చింది.

మామూలు రోజుల్లో వంద కోట్ల పాళ్ళ గాలిలో మీథేన్ పందొమ్మిది వందల పాళ్ళు ఉండేది. ఈశాన్యం నుంచి, అంటే తీరం వైపు నుంచి గాలి మళ్ళినప్పుడు ఇంకో అరవై పెరగాలని మోడల్ అనేది. యంత్రం మాత్రం మూడు వందలు పెరిగిందనేది. ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు, రెండేళ్ళు అదే వరస.

లెక్కలమ్మ ముందు గాలి దారిని అనుమానించింది. వేరే వాతావరణ కేంద్రం నుంచి గాలుల వివరాలు తెప్పించి మళ్ళీ నడిపించింది. రేణువులు అదే దారిన వెళ్ళి అదే తీరానికి చేరాయి. తర్వాత పట్టిక తీసింది. తీరం మీద ఒక గ్యాసు నిల్వ కేంద్రం ఉంది. దాని ఎదురుగా వేసిన అంకె అయిదేళ్ళుగా మారలేదు.

ఆ సాయంత్రం వంటింట్లో భర్త ఉల్లిపాయలు తరుగుతుంటే అడిగింది. "ఆ నిల్వ కేంద్రం అంకె మీవాళ్ళు ఎప్పుడైనా సరిచూశారా?"

కత్తి ఆగలేదు. "కంపెనీవాళ్ళు ఏటా కొలిచి పంపిస్తారు. మార్పు లేకపోతే మారదు."

"అయిదేళ్ళలో ఒక్క కిలో కూడా తేడా రాదా?"

"పట్టిక సరిగ్గానే ఉందే. మీ ద్వీపంలోనే ఏదో తిరకాసు ఉండుంటుంది. అది చూసుకో."

"గాలి గొడవ తర్వాత, ముందు ఆ పాలు పొంగుతున్నాయి చూడండి," అని అత్తగారు హాల్లోంచి కేకేసింది. లెక్కలమ్మ వెళ్ళి పొయ్యి కట్టేసింది. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

ఇక మిగిలింది యంత్రం. డైరెక్టరు మీటింగు పెట్టి, మాస్టార్ని ఫోన్లోకి తీసుకున్నాడు. బల్ల చుట్టూ ఏడుగురున్నారు.

"స్టేషను చుట్టుపక్కల మీథేన్ వచ్చేదేమైనా ఉందా?" అని అడిగాడు డైరెక్టరు.

"ఏమీ లేదండి. రాళ్ళు, గడ్డి. మా ఇంటిదానివి నాలుగు మేకలున్నాయి."

"మేకలా! మేక త్రేన్చితే వచ్చేది మీథేనేనయ్యా. ఆ పాక స్తంభానికి ఏ వైపుంది?"

"ఈశాన్యానేనండి. కానీ పన్నెండేళ్ళుగా అక్కడే ఉంది. పెరగడం మొదలై రెండేళ్ళే. మేకలు పదేళ్ళు ఊపిరి బిగబట్టాయా అండి?"

ఆ ప్రశ్న ఎవరికీ చెవికెక్కలేదు. అప్పటికే బల్ల చుట్టూ నవ్వులు మొదలయ్యాయి. మూడు వందల పాళ్ళకి నాలుగు మేకలు చాలవని లెక్కలమ్మకి తెలుసు. నోటి లెక్కన కూడా తేలిపోయే సంగతి. చెబుదామని నోరు తెరిచింది. ఈలోగా డైరెక్టరు, "మన దేశపు వాతావరణ రికార్డు కాదయ్యా, మేకల అజీర్తి రికార్డు!" అన్నాడు. అందరితోపాటు ఆమె కూడా నవ్వింది. ఆ వారం తిరిగేసరికి స్టేషన్ మాస్టారు కాస్తా మేకల మాస్టారయ్యారు.

మేకల్ని అమ్మించారు. పాక పీకించారు. ఈశాన్య గాలి మళ్ళీ వీచింది. యంత్రం మళ్ళీ మూడు వందలు పెరిగిందంది.

మేకలు పోయాక నింద పడ్డానికి మనిషే మిగిలాడు. గొట్టంలో తేమ పట్టి ఉంటుందన్నారు. పాళ్ళు ముందే తెలిసిన గాలి నింపి, యంత్రాన్ని సరిచూసే సిలిండర్లు వేళకి మార్చి ఉండడన్నారు. వయసు మీద పడ్డవాడు, ఒంటరి కొలువు, ఎవరు చూడొచ్చారన్నారు. విచారణ సంఘం వేసి, సాంకేతిక నివేదిక రాయమని లెక్కలమ్మకి అప్పగించారు.

నిజం తేల్చే పరీక్ష ఒకటి ఆమె చేతిలోనే ఉంది. పట్టికను పక్కన పెట్టి, "ఎక్కడ ఎంత వాయువు వెలువడితే ఈ కొలతలు వస్తాయి?" అని మోడల్‌ని తిరగేసి అడగొచ్చు. దానికి మూడు వారాలు పెద్ద కంప్యూటరు కావాలి. నివేదికకి గడువు పది రోజులు. పైగా పట్టిక సరిగ్గా ఉందని ఇంట్లో మనిషే చెప్పాడు కదా, అనుకుంది. "ఈశాన్య గాలి నాటి కొలతలు మోడల్‌తో పొసగడం లేదు. స్టేషన్ నిర్వహణ లోపం కారణం కావచ్చు," అని రాసింది. సంతకానికి తిరిగి వచ్చిన కాగితంలో "కావచ్చు" లేదు. "నిర్వహణ లోపమే కారణం" అని ఉంది. ఆమె ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. డైరెక్టరు గుమ్మంలో నిలబడి వాచీ చూసుకుంటున్నాడు. సంతకం పెట్టేసింది.

విచారణ రోజున మాస్టారు పొద్దున్నే లాంచీ ఎక్కి వచ్చారు. ఇస్త్రీ చొక్కా, భుజాన బరువైన గుడ్డసంచి. సంచిలో రిజిస్టర్లు. ఏ సిలిండరు ఏ రోజు మార్చారో, అందులో ఒత్తిడి ఎంతుందో, ఆ రోజు దిద్దుబాటు ఎంత వేశారో, ఏ దిక్కున ఏ ఓడ పొగ వదులుతూ పోయిందో, అన్నీ చీమల బారు లాంటి అక్షరాల్లో ఉన్నాయి. వాటిని బల్ల మీద పేర్చారు. సంఘంవాళ్ళు ఒక్కటీ తెరవలేదు.

"ఏం రాసుకున్నావో ఎవరు చూశారు? రాత్రి కూర్చుని రాసినా రాయొచ్చు," అన్నాడొకాయన.

మాస్టారు గొంతు పెంచలేదు. ఆమె వైపు తిరిగి, "లెక్కలమ్మా, నువ్వు చెప్పు తల్లీ. నెలనెలా నేను పంపిన దిద్దుబాట్లు నువ్వేగా చూసేదానివి. ఎప్పుడైనా తప్పు దొరికిందా?" అన్నారు.

దొరకలేదు. పందొమ్మిదేళ్ళలో ఆమె చూసిన ఏడేళ్ళలో ఒక్కసారీ దొరకలేదు. ఆమె, "నివేదికలో అన్నీ రాశానండి," అంది. తర్వాత కాగితాల వైపు చూస్తూ కూర్చుంది.

పదవీ విరమణకి ఎనిమిది నెలలుందనగా, నిర్లక్ష్యం కింద ఆయన్ని తీసేశారు.

ఆ రెండేళ్ళ ఈశాన్య గాలి కొలతలన్నిటికీ "చెల్లవు" అని గుర్తు తగిలించారు. వాటిని తీసేసి చూస్తే, మోడల్ గీతా కొలతల గీతా కవల పిల్లల్లా కలిసి నడిచాయి. ఆ గ్రాఫుని పెద్ద తెర మీద చూపించినప్పుడు సభలో చప్పట్లు మోగాయి. లెక్కలమ్మని విభాగానికి అధిపతిని చేశారు. ఆ చప్పట్లు ఆమెకి తియ్యగానే ఉన్నాయి. ఇంటికి వచ్చి భర్తతో చెబితే, "చూశావా, నేను చెప్పలే?" అని భుజం తట్టాడు. ఏం చెప్పాడో ఆమె అప్పుడు అడగలేదు.

మర్నాడో ఎల్లుండో కాదు, పదకొండు నెలలకి ద్వీపంలో కొత్త యంత్రం పెట్టారు; అంతదాకా స్టేషను మూతపడే ఉంది. మనిషి చెయ్యి పడక్కర్లేకుండా, తనను తానే సరిచూసుకుంటుంది. తేమ తానే ఆరబెట్టుకుంటుంది. పెట్టిన తొమ్మిదో రోజు గాలి ఈశాన్యానికి మళ్ళింది. కంప్యూటరు తెర మీద అంకె ఎక్కుతూ పోయింది. రెండు వేలు దాటింది. రెండు వేల రెండు వందల నలభై దగ్గర నిలిచింది.

లెక్కలమ్మ ఆ రోజు భోజనానికి లేవలేదు. ఎవరినీ అడక్కుండా పెద్ద కంప్యూటరు తీసుకుని, ఏడాది కిందట చేయాల్సిన పరీక్ష మొదలుపెట్టింది. మూడు వారాలకి జవాబు వచ్చింది. తీరం వెంట ఎనిమిది కిలోమీటర్ల ముక్క ఒకటి పటంలో ఎర్రగా మండింది. అక్కడ గ్యాసు నిల్వ కేంద్రం తప్ప మరేమీ లేదు. కారుతున్నది పట్టికలో రాసినదానికి పదకొండు రెట్లు.

పటాన్ని అచ్చు తీసి ఇంటికి పట్టుకెళ్ళి, భర్త ముందు బల్ల మీద పరిచింది. అతను చాలాసేపు చూశాడు. ఆశ్చర్యపోలేదు.

"మీకు తెలుసు," అంది.

"పదకొండు రెట్లని తెలీదు."

"మరేం తెలుసు?"

"కంపెనీ కొలతలు పంపడం మానేసి ఆరేళ్ళయిందని తెలుసు. పాత అంకే దించుకోమని మా పైవాడు చెప్పాడు. ఒక్క అంకె కదా అనుకున్నాను. మొదటి ఏడు సంతకం పెట్టాక, రెండో ఏడు ఎలా కాదంటాను?"

"నేను మిమ్మల్ని అడిగాను."

"అడిగావు. వంటింట్లో అడిగావు. ఆఫీసు నుంచి కాగితం పెట్టి అడిగుంటే, నేనూ కాగితం మీదే జవాబు చెప్పాల్సొచ్చేది. నువ్వెందుకు పెట్టలేదు?"

ఇంట్లోనే మనిషి ఉండగా కాగితమెందుకు అనుకుంది, నిజమే. కాగితం పెడితే మొగుడికి ఇబ్బంది అని లోపల ఎక్కడో అనుకున్న మాట కూడా నిజమే.

"అక్కడ ఒక మనిషి ఉద్యోగం పోయింది," అంది.

"తీసేసింది మీవాళ్ళు. రాసింది నువ్వు," అన్నాడతను. అనేశాక తనకే ఎక్కువనిపించిందేమో, లేచి బయటికి వెళ్ళిపోయాడు. అత్తగారు గదిలోంచి వచ్చి ఇద్దరి కంచాలూ తీసేసింది.

మర్నాడు పటం చూసి డైరెక్టరు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "బంగారం లాంటి పని చేశావమ్మా! కొత్త యంత్రం పెట్టిన నెలలోనే ఇంత పెద్ద లీకు పట్టుకున్నాం!"

"నెలలో కాదు సార్. మూడేళ్ళ నుంచి ఉంది. మాస్టారి కొలతల్లో ఉంది."

"అవి చెల్లవు కదా."

"చెల్లుతాయి. మనమే..."

"చెల్లవని సంతకం పెట్టింది నువ్వే కదమ్మా," అన్నాడాయన, తప్పిపోయిన పిల్లకి దారి చెప్పినంత మెత్తగా.

ఆమె పట్టు వదల్లేదు. పాత కొలతల్ని బతికించాలంటే ఆనాటి సిలిండర్ల ఒత్తిళ్ళూ దిద్దుబాట్లూ కావాలి. కంప్యూటర్లో ఉన్నవి వాటి నెలసరి సగటులే. రోజువారీవన్నీ రిజిస్టర్లలో ఉన్నాయి. విచారణ ముగిశాక ఆ సంచి తిరిగి స్టేషనుకే పంపారట. ద్వీపానికి ఫోన్ చేసింది. కొత్త యంత్రం బిగించడానికి వచ్చిన కాంట్రాక్టరు గది ఖాళీ చేయించాడట. చెమ్మ పట్టిన పుస్తకాలు చెత్తతో పాటు పోగేసి తగలబెట్టారట. "పాత పుస్తకాలేగా మేడమ్," అన్నాడు అవతలి మనిషి.

ఈలోగా కంపెనీ ప్రకటన వచ్చింది. ఒక వాల్వు ఇటీవలే దెబ్బతిందనీ, సంస్థ చెప్పిన వెంటనే ఆరు వారాల్లో బాగుచేశామనీ, అంతకుముందు లీకు ఉన్నట్టు ఎక్కడా ఆధారం లేదనీ రాశారు. వాళ్ళ చురుకుదనాన్ని మెచ్చుకుంటూ పత్రికలు సంపాదకీయాలు రాశాయి. ఆధారం లేదన్న మాట అక్షరాలా నిజం. దాన్ని చెరిపిన చెయ్యి ఎవరిదో లెక్కలమ్మకి తెలుసు.

అప్పుడు వెళ్ళింది మాస్టారి దగ్గరికి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని తెలిసీ వెళ్ళింది.

రేవు పట్టణంలో టైర్ల దుకాణం మీది వాటా. ఇనుప మెట్లు, రెండు గదులు, కింద నుంచి రబ్బరు వాసన. తలుపు తీసింది మాస్టారి భార్య. ద్వీపానికి వెళ్ళిన ప్రతిసారీ, "రా అమ్మాయ్, ఎండన పడొచ్చావు," అని లోపలికి లాక్కెళ్ళే మనిషి, ఈసారి గుమ్మంలోనే నిలబడి చూసింది.

"పిన్నిగారూ, బాగున్నారా?"

"ఉన్నాం," అని పక్కకి తప్పుకుంది.

మాస్టారు కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు. చిక్కిపోయారు. ఎదుటి కుర్చీ చూపించారు. లెక్కలమ్మ మొత్తం చెప్పింది. కొత్త యంత్రం, ఎర్ర మచ్చ, పదకొండు రెట్లు, భర్త మాట, తన సంతకం, ఏదీ దాచలేదు. ఆయన మధ్యలో అడ్డు రాలేదు. అంతా అయ్యాక ఒక్కటే అడిగారు.

"నా రిజిస్టర్లు?"

ఆమె తల దించుకుని చెప్పింది. ఆయన కళ్ళు మూసుకున్నారు. ఉద్యోగం పోయిన రోజున కూడా ఆ ముఖం అలా కాలేదు.

ఆమె సంచిలోంచి నోటు పుస్తకం తీసింది. "మీకు గుర్తున్నంత వరకు చెబితే నేను రాసుకుంటాను మాస్టారూ. మీరు సంతకం చేస్తే, దాన్ని పెట్టి ఆ రెండేళ్ళూ మళ్ళీ ఎక్కించమని అడుగుతాను."

"గుర్తుంది. ఏ నెలలో ఏ సిలిండరు పెట్టానో ఇప్పుడు అడిగినా చెబుతాను." ఆయన నవ్వారు గానీ, అది పాత నవ్వు కాదు. "నా మాట నమ్మకేగా నన్ను పంపేశారు? ఇప్పుడు నా మాటే సాక్ష్యమా? సరే, రాసిచ్చాననుకో. కంపెనీ వకీలు ఏమంటాడు? నిర్లక్ష్యం కింద తీసేసినవాడి మాట ఎవడిక్కావాలంటాడు. ఆ ముక్క వాడి చేతికి ఇచ్చింది నువ్వే, లెక్కలమ్మా."

"తప్పు నాదే మాస్టారూ. నన్ను క్షమించమని..."

"అది అడక్కు. ఇస్తే నీకు తేలికవుతుంది. నాకేం అవుతుంది?"

పిన్నిగారు మంచినీళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టింది. "అమ్మినప్పుడు చిన్న మేక చూలుతో ఉంది," అంది, ఎవరితోనో అన్నట్టు. "కొన్నవాడు కోతకే తీసుకెళ్ళాడు. కనీసం ఈనే దాకా ఆగమంటే, ఆఫీసు ఆర్డరుట, ఆగకూడదుట." తర్వాత లోపలికి వెళ్ళి గిన్నెలు కడుక్కుంటూ ఉండిపోయింది. నీళ్ళు తాగాలో వద్దో లెక్కలమ్మకి తెలియలేదు. గ్లాసు అలాగే వదిలి మెట్లు దిగింది.

ఇంటికి వచ్చి తానే అర్జీ రాసింది. తన నివేదిక తప్పనీ, మాస్టారి మీది ఉత్తర్వు రద్దు చేయాలనీ, "కావచ్చు" అన్న మాట ఎలా పోయిందో సహా రాసింది. అయిదు నెలలకి జవాబు వచ్చింది. అప్పటి ఉత్తర్వు అప్పటి సాంకేతిక నివేదికను బట్టి సక్రమంగానే జరిగిందనీ, ఆ నివేదిక రాసిన వ్యక్తే ఇప్పుడు దానిని కాదనడం వల్ల ఆమె మాటకి విశ్వసనీయత లేదనీ, కాబట్టి పునఃపరిశీలన అవసరం లేదనీ తేల్చారు.

ఆమెకి శిక్ష పడలేదు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. గది అదే, కుర్చీ అదే. భర్త ఆ ఏటి పట్టికలో నిల్వ కేంద్రం అంకె దిద్ది, సంతకం పెట్టి పంపాడు. ఇంట్లో ఇద్దరూ ఉప్పందుకో, చారు వెయ్యి అనుకుంటున్నారు. గాలి మాట మాత్రం ఎత్తరు. అత్తగారే ఒకసారి, "మీ ఇద్దరి మధ్య ఎవరైనా పోయారా ఏమిట్రా?" అని కొడుకుని అడిగింది.

మరుసటి ఏడు సంస్థ తన కొలతల పుస్తకం అచ్చు వేసింది. ద్వీపం గ్రాఫు మధ్యలో రెండేళ్ళ మేర గీత తెగిపోయి, ముక్కలు ముక్కలుగా ఉంది; ఆ పైన పదకొండు నెలలు అసలే లేదు. విభాగంలో కొత్తగా చేరిన ఉద్యోగిని ఆ పేజీ తెరిచి పట్టుకుని లెక్కలమ్మ గదికి వచ్చింది.

"మేడమ్, ఇక్కడ యంత్రం పాడైందా?"

"లేదు. యంత్రం బాగానే పనిచేసింది," అంది లెక్కలమ్మ. "పాడుచేసింది నేను."

పెద్దావిడ సరదాకి అంటోందనుకుని ఆ అమ్మాయి మర్యాదగా నవ్వింది. తర్వాత పేజీ తిప్పి, ఇంకో గ్రాఫు గురించి అడిగింది.